సిగ్నల్ బూస్టరు పెట్టుకుందామా? – ఒక మనవి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం కలుసుకున్నప్పుడు 1982లో ఇదే రోజున డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలుచుకోవడం ఆనవాయితీ. ఆ సంగతి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన పని వేరు. మన సంఘ భవనం కింది హాల్లో సెల్‌ఫోన్లకు సిగ్నల్ అందడం లేదు. లైఫ్ సర్టిఫికెట్టు కోసం వచ్చిన సభ్యులు ఓటీపీ రాక మెట్లెక్కి, మెట్లు దిగి అవస్థ పడుతున్నారు. అందువల్ల ఒక సిగ్నల్ బూస్టరు కొని పెట్టిద్దామని కోశాధికారి గారు ప్రతిపాదించారు. అది వచ్చే కార్యవర్గ సమావేశం ముందుకు రానున్నది. దాని మంచిచెడ్డలు సభ్యులందరికీ అర్థమయ్యేట్టు చెప్పమన్నారు.

నేను ఇంజనీరును కాను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యాను. అయితే అందులో 11 సంవత్సరాలు వైర్‌లెస్ సెట్ల కొనుగోలు ఫైళ్లు ఉండే సీటులో పనిచేశాను. టెండరు కాగితాల్లో 'ఇంటర్‌మాడ్యులేషన్', 'స్ప్యూరియస్ ఎమిషన్' అనే మాటలు తరచు వచ్చేవి. అర్థం తెలియని కాగితాన్ని సంతకానికి పంపడం నాకు ఇష్టం ఉండేది కాదు. ఇంజనీర్లను అడిగి రాసుకునేవాణ్ణి. రిటైరైన తర్వాత తీరిక దొరికి మరికొంత చదువుకున్నాను. ఆ మేరకే నా పరిజ్ఞానం.

ముందుగా యాంప్లిఫయరు అంటే ఏమిటో చూద్దాం. లోపలికి వచ్చిన చిన్న సంకేతాన్ని పెద్దది చేసి బయటకు పంపే యంత్రం అది. మంచి యాంప్లిఫయరు లెక్క సూటిగా ఉంటుంది. 1 ఇస్తే 10, 2 ఇస్తే 20, 3 ఇస్తే 30. కాగితం మీద గీస్తే సరళరేఖ వస్తుంది. కాని ఏ యంత్రానికైనా ఒక తాహతు ఉంటుంది. దానికి ఇచ్చే కరెంటు ఎంతో, అందులోని ట్రాన్సిస్టరు ఎంత మోయగలదో, అంతకు మించి బయటకు రాదు. ఆ హద్దు దగ్గర పడేకొద్దీ 8 ఇస్తే 75, 10 ఇస్తే 85 ఇలా రేఖ వంగిపోతుంది. దీనినే ఇంజనీర్లు నాన్‌లీనియర్ అంటారు. మనం వంకర అనుకుంటే చాలు.

ఈ వంకర మనకు కొత్తది కాదు. మన జీతాల్లోనే చూశాం. నాలుగో వేతన సంఘం తర్వాత మూల వేతనం 3,500 రూపాయల వరకు ఉన్నవారికి ధరల పెరుగుదలకు నూటికి నూరు శాతం కరువు భత్యం ఇచ్చేవారు. 3,501 నుంచి 6,000 వరకు 75 శాతమే, ఆపైన 65 శాతమే. ధరలు 10 శాతం పెరిగితే 3,500 జీతగాడికి 350 వచ్చేది. 7,000 జీతగాడికి 700 రావాలి కదా, 455 వచ్చేది. ఐదో వేతన సంఘంతో 1996 నుంచి ఆ వంకర పోయి అందరికీ ఒకే శాతం అయింది. యాంప్లిఫయరులో కూడా అంతే. చిన్న సంకేతానికి పూర్తి న్యాయం, పెద్ద సంకేతానికి కోత.

పెద్ద సంకేతానికి కాస్త కోత పడితే ఏమవుతుంది, కొంచెం తక్కువ వినబడుతుంది, అంతేగా అని మీరు అడగవచ్చు. అంతే అయితే ఈ ప్రసంగం అవసరం లేదు. శ్రీరామనవమి పందిట్లో మైకు సంగతి గుర్తు చేసుకోండి. యాంప్లిఫయరు మీట సగం దాకా తిప్పితే పాట పాటలాగే ఉంటుంది. చివరి దాకా తిప్పితే గొంతు బొంగురుపోతుంది, మాటలు గరగరలాడతాయి, పాడేవారు తెలిసినవారే అయినా గుర్తు పట్టలేం. ఆ గరగర పాడేవారి గొంతులో లేదు. యాంప్లిఫయరే దాన్ని పుట్టించింది. అంటే వంకర యంత్రం ఉన్నదాన్ని తగ్గించి ఊరుకోదు, లేనిదాన్ని కూడా తయారు చేస్తుంది.

ఎలా తయారు చేస్తుందో చెప్తాను. ఒకే యాంప్లిఫయరులోకి 940, 950 మెగాహెర్ట్‌జ్ అలలు రెండు కలిసి వచ్చాయనుకోండి. అవి ఒక క్షణం ఒకదానికొకటి తోడై పెద్దవవుతాయి, మరుక్షణం ఒకదానికొకటి ఎదురై చిన్నవవుతాయి. ఈ హెచ్చుతగ్గులు వాటి మధ్య తేడా ఎంతో అంత వేగంగా, అంటే 10 మెగాహెర్ట్‌జ్ చొప్పున, సెకనుకు కోటి సార్లు జరుగుతాయి. అల పెద్దదైన ప్రతిసారీ వంకర యాంప్లిఫయరు దాని తల కత్తిరిస్తుంది. ఆ కత్తిరింపు కూడా సెకనుకు కోటి సార్లు లయగా పడుతుంది. ఆ లయ వల్ల 940కి 10 కింద 930 దగ్గర ఒకటి, 950కి 10 పైన 960 దగ్గర ఒకటి కొత్త అలలు పుడతాయి. వాటిని ఎవరూ పంపలేదు, ఎవరూ అడగలేదు. టెండరు కాగితాల్లోని ఇంటర్‌మాడ్యులేషన్ అంటే ఇదే.

ఇక్కడ ఒక లెక్క మాత్రం దయచేసి గుర్తు పెట్టుకోండి. యాంప్లిఫయరుకు ఇచ్చే శక్తిని రెండింతలు చేస్తే అసలు సంకేతం రెండింతలవుతుంది. ఈ అడగని అలలు మాత్రం ఎనిమిదింతలవుతాయి. నాలుగింతలు చేస్తే ఇవి అరవై నాలుగింతలు. శక్తిని సగానికి తగ్గిస్తే ఇవి ఎనిమిదో వంతుకు పడిపోతాయి. కాబట్టి బలం పెంచినప్పుడు మంచి కంటే చెడు త్వరగా పెరుగుతుంది, తగ్గించినప్పుడు మంచి కంటే చెడు త్వరగా తగ్గుతుంది. నేను చెప్పబోయేదంతా ఈ లెక్క మీదే నిలబడి ఉంది.

మైకులో పుట్టిన గరగర ఆ పందిరితో పోతుంది. వైర్‌లెస్‌లో అలా కాదు. ఆకాశం అందరిదీ. ఒక్కొక్కరికి ఇంత అని ఫ్రీక్వెన్సీలు పంచి ఇచ్చారు. నా యంత్రంలో పుట్టిన చెత్త నా వాటాలో పడదు, పక్కవాడి వాటాలో పడుతుంది. అందుకే 4జి టవరు నుంచి పక్క చానల్లోకి చిందే శక్తి తన శక్తిలో సుమారు 30 వేలలో ఒక వంతుకు మించకూడదని ప్రమాణాలు రాశారు.

900 మెగాహెర్ట్‌జ్ బ్యాండు ఉదాహరణ తీసుకుందాం. అందులో టవరు మాట్లాడేది 935 నుంచి 960 వరకు. మన ఫోన్లు టవరుతో మాట్లాడేది 890 నుంచి 915 వరకు. టవరు నోరు ఒకచోట, చెవి ఒకచోట అన్నమాట. ఇప్పుడు 935, 960 అలలు ఏదైనా వంకర వస్తువులో కలిశాయనుకోండి. వాటి మధ్య తేడా 25. 935 నుంచి 25 తీసేస్తే 910. అది సరిగ్గా టవరు చెవిలో పడింది.

ఆ చెవి ఎంత సున్నితమో చూడండి. టవరు నుంచి వెలువడే శక్తి 20 వాట్లు అనుకుంటే, దూరాన ఉన్న ఫోను నుంచి టవరు విని తీరాలని జి.ఎస్.ఎం. ప్రమాణాలు చెప్పిన అతి సన్నని సంకేతం ఆ 20 వాట్లను 500 లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. అంత సన్నని గొంతు వినాల్సిన చోట ఏ కొద్దిపాటి చెత్త పడినా టవరుకు చెవుడు వస్తుంది. మన ఫోనులో గీతలు నిండుగా కనబడతాయి, ఎందుకంటే టవరు మాట మనకు బాగానే వస్తోంది. మన మాటే దానికి అందదు. అవతలివారు "హలో, హలో" అంటారు, తర్వాత కాల్ తెగిపోతుంది.

వంకర వస్తువు అంటే యాంప్లిఫయరే కానక్కర లేదు. తుప్పు పట్టిన ఇనుప బోల్టు చాలు. రెండు లోహాల మధ్య తుప్పు పొర ఉంటే కరెంటు అందులో సూటి లెక్కన ప్రవహించదు. బలమైన ట్రాన్స్‌మిటర్లున్న ఓడల మీద ఈ ఇబ్బంది బాగా తెలిసిందే. దానికి 'రస్టీ బోల్ట్ ఎఫెక్ట్' అని పేరే పెట్టారు. అందుకే టవర్ల కేబుళ్లు, కనెక్టర్లు పరీక్షించేటప్పుడు రెండు 20 వాట్ల అలలను కలిపి పంపి, మూడోది ఏదైనా పుడుతోందా అని చూసే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. బిగుతుగా లేని ఒక్క కనెక్టరు కూడా పరీక్షలో తప్పుతుంది.

మరి ఇంజనీర్లు ఈ వంకరను ఎలా నెగ్గుకొస్తున్నారు? మూడు దారులున్నాయి. మొదటిది, యాంప్లిఫయరును దాని తాహతు కంటే బాగా తక్కువగా వాడటం. 4జిలో 20 మెగాహెర్ట్‌జ్ చానల్లో 1,200 చిన్న అలలు ఒకేసారి వెళతాయి. ఎప్పుడో ఒకప్పుడు చాలా అలలు ఒకేసారి తల ఎత్తుతాయి. అప్పటి శక్తి సగటుకు పదింతలు కూడా కావచ్చు. ఆ క్షణం కోసం చోటు ఖాళీగా ఉంచాలి. అయితే ఖాళీగా ఉంచిన యాంప్లిఫయరు తిన్న కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. టవరు కరెంటు బిల్లు పెరుగుతుంది. ఫోనులో అయితే బ్యాటరీ దిగిపోతుంది. అందుకే 4జి ఫోను నుంచి టవరుకు వెళ్లే సంకేతానికి హెచ్చుతగ్గులు తక్కువ ఉండే వేరే పద్ధతి పెట్టారు.

ఈ కరెంటు వృథాను తగ్గించడానికి 1936లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు విలియం డోహర్టీ ఒక ఉపాయం చెప్పాడు. రోజువారీ పనికి ఒక యాంప్లిఫయరు, పని మీద పడినప్పుడు మాత్రమే చేయి వేసే రెండోది. మార్చి నెలాఖరులో బిల్లుల సెక్షనుకు ఇంకొక గుమాస్తాను తెచ్చి కూర్చోబెట్టేవారు చూడండి, అలాంటిదే. ఆనాడు రేడియో ప్రసారాల కోసం పుట్టిన ఆ పద్ధతి తర్వాత సెల్ టవర్లకు ఎక్కింది.

రెండో దారి ఆడిట్. హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరు దూరప్రాంతపు టెలిఫోను లైన్ల మీద యాంప్లిఫయర్ల వంకరతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడు. 1927 ఆగస్టు 2న న్యూయార్కులో ఆఫీసుకు పడవ మీద నది దాటుతుండగా పరిష్కారం తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్కు టైమ్స్ పేజీ మీదే బొమ్మ గీశాడు. బయటకు వచ్చిన సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, లోపలికి వచ్చినదానితో సరిపోల్చి, తేడాను దిద్దుకోవడం. ఇలా చేస్తే యాంప్లిఫయరు బలం చాలా వరకు తగ్గుతుంది. ఆ బలాన్ని వదులుకున్నందుకు ప్రతిఫలంగా శుద్ధమైన మాట దక్కుతుంది. దానికి పేటెంటు రావడానికే 1937 దాకా పట్టింది.

మూడో దారి ముందే ఎదురు వంకర పెట్టడం. గడియారం రోజుకు అయిదు నిమిషాలు ఆలస్యంగా నడుస్తుందని తెలిసినవాడు రాత్రి అయిదు నిమిషాలు ముందుకు తిప్పి పడుకుంటాడు కదా. నేటి టవర్లలో ఉన్న కంప్యూటరు తన యాంప్లిఫయరు ఎక్కడ ఎంత వంగుతుందో కనిపెట్టి, సంకేతాన్ని అంతే అటువైపు వంచి లోపలికి పంపుతుంది. రెండు వంకరలు కలిసి సూటి అవుతాయి. యాంప్లిఫయరు వేడెక్కితే వంకర మారుతుంది గనుక మళ్లీ మళ్లీ కొలుచుకుంటూ ఉంటుంది.

ఇంత శ్రమ పడి ఆకాశాన్ని శుభ్రంగా ఉంచుకుంటున్న చోట మనం తెచ్చిపెట్టబోయే బూస్టరు సంగతి చూద్దాం. బజారులో ఏడెనిమిది వేలకు దొరికే పెట్టె అది. మేడ మీద ఒక యాంటెన్నా, హాల్లో ఒక యాంటెన్నా, మధ్యలో యాంప్లిఫయరు. ఏ కంపెనీ సంకేతమని చూడకుండా వచ్చినదల్లా పెద్దది చేస్తుంది. అందులో ఎదురు వంకర లేదు, ఆడిట్ లేదు, తాహతులో ఖాళీ లేదు. దగ్గర్లోని టవర్ల బలమైన అలలన్నీ ఆ ఒక్క పెట్టెలో కలుస్తాయి. పైన చెప్పిన అడగని అలలు అక్కడ పుట్టి, మేడ మీది యాంటెన్నా నుంచి ఊళ్లోకి వెళతాయి.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. మైకును లౌడ్‌స్పీకరు ఎదురుగా పెడితే 'కూ' అని కేక పెడుతుంది కదా. హాల్లోని యాంటెన్నా, మేడ మీది యాంటెన్నా ఒకదాన్నొకటి వింటే బూస్టరు కూడా అలాగే కేక పెడుతుంది. మన చెవికి వినబడదు. టవరు చెవికి వినబడుతుంది. దాని తాహతు నిండే వరకు ఆ కేక పెరుగుతూనే పోతుంది, అది కూడా ఆపు లేకుండా రాత్రింబవళ్లు. టవరు వీలైనప్పుడల్లా "నీ గొంతు తగ్గించు" అని ప్రతి ఫోనుకూ ఆదేశాలు పంపుతుంటుంది. ఫోన్లు పాటిస్తాయి. మన బూస్టరుకు ఆ భాషే తెలియదు.

దీని ఫలితం ఎవరి మీద పడుతుంది? హాల్లో కూర్చున్న మనకు నాలుగు గీతలు కనబడతాయి, సంతోషిస్తాం. రెండు వీధుల అవతల ఇంట్లో ఒంటరిగా ఉన్న మన సభ్యుడొకరు రాత్రి గుండెలో నొప్పి వచ్చి 108కి చేస్తారు. ఆయన ఫోను గొంతు ఆ సన్నని భాగం. టవరు చెవి మన కేకతో నిండి ఉంది. మన ఓటీపీ కోసం ఆయన కాల్‌ను ఆపే హక్కు మనకు లేదని నా అభిప్రాయం.

చట్టం కూడా అదే చెబుతుంది. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడాన్నే నేరం చేసింది. 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా రేడియో పరికరానికి ప్రభుత్వ అనుమతి ఉండాలనే అంటుంది. జీవితమంతా ప్రభుత్వ ఉత్తర్వులు అమలు చేసినవాళ్లం, మన భవనం మీద అనుమతి లేని యాంటెన్నా ఉండటం బాగుండదు.

వద్దు అని చెప్పి ఊరుకుంటే అది సగం నోటు మాత్రమే. ఏమి చేయాలో కూడా మనవి చేస్తాను.

ఒకటి. మన భవనానికి బ్రాడ్‌బ్యాండ్ ఉంది. చాలా ఫోన్లలో వైఫై కాలింగ్ అనే సదుపాయం ఉంది. 2019–20 నాటి నుంచి మన దేశంలో కంపెనీలు దాన్ని ఇస్తున్నాయి. సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేస్తే గోడల బెడద లేకుండా కాల్స్ వస్తాయి. చేతకాని వారికి ప్రతి శనివారం నేను హాల్లో కూర్చుని చేసిపెడతాను.

రెండు. టెలిఫోను కంపెనీకి సంఘం లెటర్‌హెడ్ మీద ఫిర్యాదు రాద్దాం. ఫిర్యాదు నంబరు తీసుకుందాం. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లే వీలుంది. భవనం లోపల సిగ్నల్ అందించే పరికరం కంపెనీయే పెడితే ఫిల్టర్లతో, హద్దులతో, టవరుకు తెలిసేట్టు పెడుతుంది. బాధ్యత కూడా వారిదే.

మూడు. మన మేడ మీద పాత టీవీ యాంటెన్నా గొట్టం, తుప్పు పట్టిన రేకులు, ఊడిపోతున్న బోల్టులు ఏళ్లుగా పడి ఉన్నాయి. పక్క భవనం మీది టవరు యాంటెన్నా సరిగ్గా అటే చూస్తోంది. తుప్పు బోల్టు కథ ఇప్పుడే విన్నారు. వాటిని తీయించి పాత ఇనుము వాడికి అమ్మితే తీసినవాడి కూలి కూడా అందులోనే గిడుతుంది.

నాలుగు. ఇది చెవి మిషను వాడే సభ్యులకు. 2జి ఫోను చెవి దగ్గర పెట్టగానే 'బుర్ర్' మని మోత వస్తుందని చాలామంది చెవిలో లోపం అనుకుంటారు. అది చెవి లోపం కాదు. 2జి ఫోను ఎడతెగకుండా ప్రసారం చేయదు, సెకనుకు సుమారు 217 సార్లు విడివిడిగా పంపుతుంది. చెవి మిషనులోని చిన్న యాంప్లిఫయరుకున్న వంకర ఆ తాళాన్ని శబ్దంగా మార్చి వినిపిస్తుంది. పూర్వం టేప్ రికార్డరు పక్కన సెల్‌ఫోను పెడితే రింగుకు ముందే వచ్చిన మోత కూడా ఇదే. మిషను శబ్దం పెంచితే మోత కూడా పెరుగుతుంది. ఫోనును కాస్త దూరం పెట్టి స్పీకరు మీద మాట్లాడండి, లేదా 4జి కాల్ వాడండి. ఈ ఇబ్బంది గురించే 2003లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్.సి.సి. సెల్‌ఫోన్లు చెవి మిషన్లకు అనుకూలంగా ఉండాలని నిబంధనలు తెచ్చింది. అప్పటి ఎం3, టి3 గుర్తులు కొన్ని ఫోన్ల పెట్టెల మీద కనబడతాయి. మిషను కొనేటప్పుడు ఫోనుతో కలిపి అక్కడే విని చూసి తీసుకోండి.

కోశాధికారి గారి ఉద్దేశం మంచిదే. మెట్లెక్కలేని సభ్యుల మీద దయతోనే ఆయన ఈ ప్రతిపాదన తెచ్చారు. ఆ దయను నిలబెట్టుకుంటూనే పని జరిగే దారి ఉందని చెప్పడమే నా ప్రయత్నం. కార్యవర్గంలో నాకు ఓటు లేదు. ఉన్నవారు బూస్టరు పద్దును పక్కన పెట్టి, ఫిర్యాదు కాగితాన్ని, మేడ శుభ్రం చేసే పనిని ముందుకు తీసుకోవాలని కోరుతున్నాను. ఫిర్యాదు చిత్తు ప్రతి రాసి తెచ్చాను, కార్యదర్శి గారికి అందజేస్తున్నాను.